రెండు వందే భారత్‌లా? ఒక్క విశాఖ ఎక్స్‌ప్రెస్సా?

రాత్రి పదకొండు దాటాక మా మేనకోడలు వాట్సాప్‌లో మూడు స్క్రీన్‌షాట్లు పెట్టింది. కింద ఒకటే లైను: "మావయ్యా, ఇది సూపర్ కదా? బుక్ చేసేయనా?"

మొదటి దాంట్లో భువనేశ్వర్–విశాఖపట్నం వందే భారత్. రెండో దాంట్లో విశాఖపట్నం–సికింద్రాబాద్ వందే భారత్. మూడోది ఎవరో చేసిన రీల్. సిక్కోలు నుంచి హైదరాబాద్ ఒక్క రోజులో, రెండూ ఏసీ, రెండూ తెల్లగా మెరిసిపోయే బళ్లు, బ్యాక్‌గ్రౌండ్‌లో హీరో ఎంట్రీ మ్యూజిక్కు.

పిల్లది అరసవల్లి. గుడికి నాలుగు వీధుల అవతల మా అక్క వాళ్లిల్లు. జర్మనీలో మాస్టర్స్‌కి సీటొచ్చింది. వీసా అపాయింట్‌మెంట్ హైదరాబాద్‌లో, ఉదయం తొమ్మిదిన్నరకి. ఆ స్లాట్ కోసం వారాల తరబడి ఫోన్ రిఫ్రెష్ చేసుకుంటూ కూర్చుంది. అది తప్పితే మళ్లీ ఎప్పుడు దొరుకుతుందో ఎవరూ చెప్పలేరు. అక్కడ క్లాసులు మాత్రం మనకోసం ఆగవు. అంచేత ఈసారి "ఏ ట్రైన్ బాగుంటుంది" అన్నది సరదా ప్రశ్న కాదు.

"పొద్దున్న చెప్తాను, ఇప్పుడేమీ నొక్కకు" అని మెసేజ్ పెట్టి పడుకున్నాను. నిద్ర పట్టలేదు. ఎందుకంటే ఆ తప్పు ఒకసారి నేనూ చేశాను.

నా కథ ముందు చెప్పేస్తాను. 2023 జనవరి 15న విశాఖ–సికింద్రాబాద్ వందే భారత్ మొదలైంది. కొత్త బండి, ఎక్కాలి కదా! ఉదయం 5.45కి వైజాగ్‌లో బయల్దేరుతుంది, మధ్యాహ్నానికి సికింద్రాబాద్. యాప్‌లో ఎనిమిదిన్నర గంటల ప్రయాణం అని చూసి ఎగిరి గంతేసి బుక్ చేశాను. టికెట్ వచ్చాక గుర్తొచ్చింది, నేనుండేది వైజాగ్‌లో కాదు, అరసవల్లిలో అని. వైజాగ్ నూరు కిలోమీటర్ల పైమాట. తెల్లారి 5.45కి అక్కడుండాలంటే ఇంటి దగ్గర రెండున్నరకి బయల్దేరాలి. ఆ వేళప్పుడు బస్సు దొరుకుతుందో లేదో అన్న భయంతో కారు మాట్లాడుకున్నాను. ఆ కారుకిచ్చిన డబ్బు రైలు టికెట్‌కన్నా ఎక్కువైంది. రాత్రంతా నిద్ర లేదు. ఆ వందే భారత్‌లో బెర్తులుండవు కాబట్టి కుర్చీలోనే తల వాల్చుకుంటూ వెళ్లాను. మధ్యాహ్నం దిగేసరికి ఆ రోజు ఆఫీసు పని అయ్యే వేళ దాటిపోయింది. మర్నాడు చేసుకుని వచ్చాను. ఎనిమిదిన్నర గంటల రైలు నాకు రెండు రోజులు తినేసింది.

తప్పు బండిది కాదు. నేను రైలు గంటలు లెక్కేశాను, నా గంటలు లెక్కేసుకోలేదు.

పొద్దున్నే అక్క ఇంటికి వెళ్లాను. ఆదివారం. గుడి వీధి నిండా జనం, కొబ్బరికాయల బుట్టలు, పక్క జిల్లాల నుంచి వచ్చిన ఆటోలు. అక్క వీధి గుమ్మంలోనే పట్టుకుంది.

"ఏట్రా తమ్ముడూ, గుంట రేత్తిరంతా ఫోనే. ఏటి ఆ రైళ్ల గొడవ?"

"ఏం లేదక్కా, లెక్కలు" అన్నాను.

కాగితం, పెన్ను తీసుకుని కూర్చున్నాం. ఫోన్‌లో కాదు, కాగితమ్మీదే. ఇంటి గుమ్మం నుంచి హైదరాబాద్‌లో ఆ ఆఫీసు గుమ్మం దాకా ప్రతి ముక్కా రాయమన్నాను.

రీల్ చెప్పిన దారి ముందు. అరసవల్లి నుంచి ఆమదాలవలస స్టేషన్‌కి పదిహేను కిలోమీటర్లు అటూఇటూ. ఆటోలో సిక్కోలు ఊరు దాటి వెళ్లాలి, ఏడు రోడ్ల జంక్షన్ దగ్గర ఇరుక్కోవచ్చు. బండి తొమ్మిది లోపే వచ్చేస్తుంది కాబట్టి ఏడున్నరకి ఇల్లు కదలాలి. పదకొండు ప్రాంతంలో వైజాగ్. అక్కణ్నుంచి సికింద్రాబాద్ వెళ్లే మధ్యాహ్నపు వందే భారత్, 20708 నంబరుది, రెండున్నర ప్రాంతంలో. మధ్యలో మూడున్నర గంటలు స్టేషన్‌లోనే. ఆ బండి సికింద్రాబాద్ చేరేసరికి రాత్రి పదకొండు దాటుతుంది. ఆ వేళకి మెట్రో ఉంటుందన్న భరోసా లేదు, కాబట్టి క్యాబ్. తర్వాత లాడ్జి. ఒంటరి ఆడపిల్ల అర్ధరాత్రి లాడ్జి వెతుక్కోవడం అన్న మాట వినగానే అక్క వంటింట్లోంచి "ఆ ముక్క కొట్టీ" అంది.

అన్నీ కూడితే ఇంటి నుంచి లాడ్జి మంచం దాకా పదహారు గంటల పైన. అంతా కూర్చునే. రెండు టికెట్లు, ఒక క్యాబు, ఒక గది అద్దె.

రెండోది ఫలక్‌నుమా. హౌరా నుంచి సికింద్రాబాద్ వెళ్తుంది, ఆమదాలవలసలో ఆగుతుంది. సాయంత్రం ఇంట్లో ఇంత తినేసి ఎక్కొచ్చు, పడుకోవచ్చు, పొద్దున్న సికింద్రాబాద్. రైలు గంటలు చూస్తే రెండు వందే భారత్‌లకీ దీనికీ పెద్ద తేడానే లేదు! కాకపోతే ఇవి నిద్రపోయే గంటలు. గది అద్దె లేదు. మామూలు పనికైతే నేను కళ్లు మూసుకుని ఇదే చెప్తాను. కానీ అపాయింట్‌మెంట్ తొమ్మిదిన్నరకి. ఫలక్‌నుమా అనుకున్న టైమ్‌కి వచ్చినా ఊరు దాటి ఆఫీసుకి చేరడానికి ఉరుకులు పరుగులే. హౌరా నుంచి వచ్చే బండి, దారిలో గంట నిలిచిపోతే? అయిపోయింది.

మూడోది విశాఖ ఎక్స్‌ప్రెస్. భువనేశ్వర్‌లో పొద్దున్న బయల్దేరి మధ్యాహ్నం మన దగ్గరకొస్తుంది. తాపీగా, ప్రతి పెద్ద స్టేషన్‌నీ పలకరించుకుంటూ పోతుంది. మూడింట్లో నెమ్మది బండి ఇదే. కానీ మర్నాడు ఆఫీసులు తెరిచే వేళకి చాలా ముందే దింపేస్తుంది. గంటన్నర లేటైనా ఫర్వాలేదు.

"మావయ్యా, అన్నిట్లోకీ స్లో ట్రైన్ ఎక్కమంటావా?" అని మూతి ముడిచింది.

"అన్నిట్లోకీ ముందు చేరే ట్రైన్ ఎక్కమంటున్నా" అన్నాను.

ఇక్కడ ఒక్క మాట. నేను వందే భారత్‌కి వ్యతిరేకిని కాను. వైజాగ్‌లో ఉన్నవాడికి, మధ్యాహ్నం తర్వాత హైదరాబాద్‌లో పనున్నవాడికి అంతకంటే మంచి బండి లేదు. విజయవాడ, రాజమండ్రి వాళ్లకైతే వరం. ఊరికే నిండటం లేదు. 2025 జనవరిలో ఆ ఉదయం బండికి 16 పెట్టెలు సరిపోక 20 చేశారు, సీట్లు 1,128 నుంచి 1,440 అయ్యాయి. మన ఆమదాలవలస నుంచి వైజాగ్‌లో డాక్టర్ దగ్గరకో, పరీక్షకో వెళ్లి సాయంత్రం తిరిగి రావాలంటే 2024 మార్చిలో మొదలైన భువనేశ్వర్ వందే భారత్ చక్కగా కుదురుతుంది: పొద్దున్న వెళ్తుంది, మధ్యాహ్నం నాలుగు లోపు వైజాగ్‌లో మళ్లీ బయల్దేరుతుంది. విజయనగరం, పార్వతీపురం వాళ్లకి అదే ఏడాది సెప్టెంబర్ నుంచి దుర్గ్ వందే భారత్ కూడా ఉంది. ఒక్కటి గుర్తుంచుకోండి, వీటికి వారంలో ఒక సెలవు రోజు ఉంటుంది. ఆ రోజు మారుస్తుంటారు కూడా. పాత రీల్ చూసి ప్లాన్ వేస్తే గోవిందా.

వేగం సంగతీ చెప్పుకుందాం. ఆ పెట్టెలు గంటకి 160 కిలోమీటర్ల పైన పోగల పెట్టెలే. కానీ మన పట్టాల మీద వాటికి 130 దాటనివ్వరు. వైజాగ్–సికింద్రాబాద్ దాదాపు 700 కిలోమీటర్లు, ఎనిమిదిన్నర గంటలు. సగటు తీస్తే గంటకి 80 పైచిలుకు. ఫ్రాన్స్‌లో 1981లో మొదలైన పారిస్–లియాన్ టీజీవీ ఇవాళ నాలుగొందల పైచిలుకు కిలోమీటర్లు రెండు గంటల్లో పోతుంది, దానికోసం వేరే పట్టాలే వేశారు కాబట్టి. పెట్టె కొత్తదైతే చాలదు, దారి కూడా కొత్తది కావాలి.

సరే, బండి తేలింది. ఇప్పుడు టికెట్.

యాప్‌లో 'అరసవల్లి' అని కొడితే ఏమీ రాదు. 'శ్రీకాకుళం' అని కొడితే శ్రీకాకుళం రోడ్ వస్తుంది, పక్కన సీ–హెచ్–ఈ అనే కోడ్. "ఇదేంటి మావయ్యా, శ్రీకాకుళంలో ఈ అక్షరాలెక్కడున్నాయి?" అంది. తెల్లదొరలకి సిక్కోలు నోరు తిరగక చికాకోల్ అన్నారు. వాళ్లు పోయారు, ఊరి పేరు మారింది, స్టేషన్ బోర్డు మారింది, కోడ్ మాత్రం అలాగే ఉండిపోయింది. మీరు టికెట్ కొన్న ప్రతిసారీ చికాకోల్ నుంచే బయల్దేరుతున్నారన్నమాట.

సీ–హెచ్–ఈ నుంచి చూస్తే థర్డ్ ఏసీ వెయిటింగ్ లిస్ట్, నలభై పైన. పిల్ల మొహం వాడిపోయింది. ఇదిగో, చాలామందికి తెలియని ముక్క ఇక్కడుంది. ఒక బండిలో సీట్లన్నీ అన్ని స్టేషన్లకీ సమానంగా పంచరు. బయల్దేరే స్టేషన్‌కి పెద్ద వాటా, మధ్య స్టేషన్లకి చిన్న చిన్న వాటాలు. మన స్టేషన్ వాటా అయిపోయినంత మాత్రాన బండి నిండినట్టు కాదు. నాలుగు స్టేషన్లు వెనక్కి వెళ్లి బరంపురం నుంచి చూశాం, ఆపైన భువనేశ్వర్ నుంచి చూశాం. భువనేశ్వర్ నుంచి ఉన్నాయి! టికెట్ అక్కణ్నుంచి తీసుకుని, ఎక్కే చోటు మాత్రం శ్రీకాకుళం రోడ్ అని పెట్టాం. దూరం పెరిగింది కాబట్టి డబ్బు కొంచెం ఎక్కువైంది. కానీ చేతిలో ఖాయమైన బెర్త్ ఉంది.

ఈ బోర్డింగ్ పాయింట్ పెట్టడం మాత్రం మర్చిపోకండి. టికెట్ భువనేశ్వర్‌ది పెట్టుకుని చెప్పకుండా ఆమదాలవలసలో ఎక్కుదాం అనుకుంటే, మీరు రాలేదని టీటీఈ ఆ బెర్త్ ఇంకొకరికి ఇచ్చేయొచ్చు. అప్పుడు టికెట్ చేతిలో పట్టుకుని తలుపు దగ్గర నిలబడటమే.

వెయిటింగ్ లిస్ట్‌లోనూ రకాలున్నాయి. జీఎన్ అని మొదలయ్యేది కాస్త కదులుతుంది. ఆర్ఎల్, పీక్యూ అని ఉంటే ఆశ తక్కువ పెట్టుకోండి, ఎందుకంటే వాటికి ఖాళీలు ఆ చిన్న వాటాలోంచే రావాలి. ఆన్‌లైన్ టికెట్ చార్ట్ తయారయ్యాక కూడా పూర్తిగా వెయిటింగ్‌లోనే ఉండిపోతే దానంతటదే రద్దవుతుంది, డబ్బు వెనక్కొస్తుంది. "ఎక్కేద్దాం, టీటీఈని బతిమాలుకుందాం" అనే కాలం పోయింది. అది మా తరం వేషాలు, మీరు వెయ్యకండి.

ఇంకా ముందే మేలుకుని ఉంటే ఇదంతా తప్పేది. 2024 నవంబర్ 1 నుంచి ముందస్తు బుకింగ్ 120 రోజులు కాదు, 60 రోజులు. అరవయ్యో రోజు ఉదయం ఎనిమిదింటికి తెరుచుకుంటుంది. సంక్రాంతికి ఊరొచ్చేవాళ్లు, రథసప్తమికి అరసవల్లి వచ్చేవాళ్లు ఎనిమిది గంటల ఐదు నిమిషాలకి లాగిన్ అయితే కుదరదు. ఆధార్‌ని ముందే ఐఆర్‌సీటీసీ ఖాతాకి కలిపి పెట్టుకోండి. 2025 జులై 1 నుంచి ఆన్‌లైన్ తత్కాల్‌కి ఆధార్ ధ్రువీకరణ తప్పనిసరి. అక్టోబర్ నుంచి మామూలు బుకింగ్ తెరుచుకున్న తొలి నిమిషాలకీ అదే రూల్ పెట్టారు. తత్కాల్ ముందు రోజు ఏసీకి పదింటికి, స్లీపర్‌కి పదకొండింటికి. "ముందు రోజు" అంటే బండి బయల్దేరే స్టేషన్ నుంచి లెక్క, మీరు ఎక్కే స్టేషన్ నుంచి కాదు. అర్ధరాత్రి దాటి మన దగ్గరకొచ్చే బళ్ల విషయంలో ఎంతమంది ఇక్కడ తారీఖు తప్పుతారో! రాత్రి పన్నెండు దాటితే తేదీ మారుతుందన్న సంగతి పరీక్షలో అడిగితే అందరూ రాస్తారు, యాప్‌లో మాత్రం నూటికి పదిమంది... సరే, లెక్క నేను కట్టలేదు, నా స్నేహితుల్లోనే ముగ్గురున్నారు.

ఇంత విన్నాక కూడా మీలో ఎవరికైనా ఆ రెండు వందే భారత్‌ల సరదా ఉంటే, కాదనను. కానీ రెండు టికెట్లూ విడివిడిగా కొని ఊరుకోకండి. 2019 ఏప్రిల్ నుంచి రెండు పీఎన్ఆర్‌లు కలుపుకునే వీలుంది, కనెక్టింగ్ జర్నీ అంటారు. ప్రయాణికుల వివరాలు రెండు టికెట్లలో ఒకేలా ఉండాలి. అలా కలిపితే మొదటి బండి లేటై రెండోది తప్పిపోయినప్పుడు, ఆ రెండో టికెట్ డబ్బు వెనక్కి అడగొచ్చు. బండి దిగిన మూడు గంటల్లోపు అడగాలి. కలపకపోతే రెండో టికెట్ మీ సొంత నష్టం. డబ్బే వస్తుంది సుమా, పోయిన అపాయింట్‌మెంట్ రాదు.

వందే భారత్ బుక్ చేసేటప్పుడు భోజనం వద్దు అనే ఆప్షన్ ఉంటుంది, అది నొక్కితే ధర తగ్గుతుంది. మా అక్కలాంటి వాళ్లు ఇంట్లో ఉంటే అది నొక్కేయండి. పులిహోర పొట్లం ఎలాగూ తప్పదు.

ప్రయాణం రోజు మధ్యాహ్నం ఆమదాలవలస ప్లాట్‌ఫామ్ మీద అక్క, నేను, పిల్ల. విశాఖ ఎక్స్‌ప్రెస్ ముప్పావు గంట లేటు. అక్క నా వైపు చూసిన చూపు నేనిప్పట్లో మర్చిపోను. "నెమ్మది బండి ఎక్కమన్నావు, అది అసలు రానే రాలేదు" అన్నట్టు. వచ్చింది. పిల్ల ఎక్కింది. రాత్రి విజయవాడ దాటాక మెసేజ్: "గంటా పది నిమిషాలు లేట్ మావయ్యా." నాకు నిద్ర పట్టలేదు. తెల్లారి ఇంకో మెసేజ్: "దిగాను. ఇంకా చాలా టైముంది. ఇడ్లీ తింటున్నా." తొమ్మిదింటికి ఆ ఆఫీసు ముందు లైన్లో నిలబడిన సెల్ఫీ. అప్పుడు మంచం దిగాను.

వీసా వచ్చింది. వెళ్లింది. ఫ్రాంక్‌ఫర్ట్ దగ్గర చదువుతోంది. రెండు నెలలకి మళ్లీ రాత్రి స్క్రీన్‌షాట్లు! ఈసారి ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి పారిస్. నాలుగు గంటల లోపు ప్రయాణం. ఫ్రాన్స్ సరిహద్దు దాటాక ఆ కొత్త పట్టాల మీద బండి గంటకి 320 కిలోమీటర్ల దాకా పోతుంది. "ఇక్కడ కూడా కాగితం పెన్ను తియ్యాలా మావయ్యా?" అని నవ్వుతున్న బొమ్మ.

తియ్యాలి. ఇంకా ఎక్కువ తియ్యాలి. మన వందే భారత్ టికెట్ రెండు నెలల ముందు కొన్నా, వారం ముందు కొన్నా సాధారణ కోటాలో ధర ఒకటే. మన దగ్గర దురంతోల్లాంటి వాటికే సీట్లు నిండే కొద్దీ ధర పెరిగే ఫ్లెక్సీ పద్ధతి. అక్కడ వేగంగా పోయే బళ్లన్నీ దాదాపు అదే దారి: విమానం టికెట్‌లా ముందు కొంటే చవక, ఆఖరి రోజు కొంటే గుండె గుభేలు. పైగా ఒకే బండి టికెట్‌ని జర్మనీ రైల్వే యాప్‌లో ఒక ధరకి, ఫ్రాన్స్ రైల్వే యాప్‌లో ఇంకో ధరకి చూడొచ్చు. రెండూ చూశాకే డబ్బు కట్టమన్నాను.

ఇంకో తమాషా. జర్మనీ లోపల తిరిగే ఐసీఈ బళ్లలో టికెట్ కొంటే సీటు వచ్చినట్టు కాదు. సీటుకి వేరే డబ్బు కట్టి రిజర్వ్ చేసుకోవాలి, లేదంటే ఖాళీ ఉన్నచోట కూర్చోవాలి, లేకపోతే నిలబడాలి. మన జనరల్ బోగీ పద్ధతే, కాకపోతే యూరోల్లో. ఫ్రాన్స్ టీజీవీలో అలా కాదు, టికెట్‌తోనే సీటు నంబరు. చవక టికెట్ అయితే ఆ ఒక్క బండికే చెల్లుతుంది, ఇంకోటి ఎక్కితే చెల్లదు.

లేటు గురించి మనవాళ్లకో ఊరట. జర్మనీలో దూరప్రయాణ బళ్లు 2024లో టైమ్‌కి నడిచింది 62.5 శాతమే. అదీ ఆరు నిమిషాల లోపు ఆలస్యాన్ని టైమ్ కింద లెక్కేసుకుంటే. ఈ అంకె పంపగానే పిల్ల "ఆమదాలవలసే నయం" అని రాసింది. అయితే అక్కడొక మంచి పద్ధతుంది. యూరోపియన్ యూనియన్ రూల్ ప్రకారం గమ్యానికి గంట ఆలస్యమైతే టికెట్ ధరలో పావు వంతు, రెండు గంటలైతే సగం వెనక్కివ్వాలి. మీరు ప్రయాణం చేశాక కూడా! మన దగ్గర మీరు ఎక్కే స్టేషన్‌కి బండి మూడు గంటలకన్నా ఎక్కువ లేటైతే, ఎక్కకుండా ఉంటేనే, టీడీఆర్ పెట్టుకుంటే పూర్తి డబ్బు వస్తుంది. ఎక్కారా, ఆ ఆలస్యం మీదే. ఇది నాకు న్యాయంగా అనిపించదు. చార్జీ పెంచేటప్పుడు యూరప్ స్పీడ్ గురించి మాట్లాడేవాళ్లు ఈ రూల్ గురించి కూడా మాట్లాడితే బాగుణ్ను.

స్టేషన్ పేరు కూడా చూసుకోమన్నాను. పారిస్‌కి ఒక స్టేషన్ కాదు. ఫ్రాంక్‌ఫర్ట్ బండి దిగేది గార్ ద లెస్ట్‌లో. లియాన్ వైపు బండి పట్టుకోవాలంటే ఊరు దాటి గార్ ద లియాన్‌కి పోవాలి. మనకిది కొత్త కాదు. సికింద్రాబాద్, నాంపల్లి, కాచిగూడ, లింగంపల్లి, 2025 జనవరిలో కొత్త టెర్మినల్ తెరిచాక చర్లపల్లి. కొన్ని బళ్లని అటు మార్చారు. "హైదరాబాద్ టికెట్ ఉంది" అనుకుని చర్లపల్లిలో దిగి దిక్కులు చూసినవాళ్లు మా వీధిలోనే ఇద్దరున్నారు. టికెట్ మీద ఆఖరి స్టేషన్ పేరు చదవడానికి పది సెకన్లు చాలు.

పారిస్ వెళ్లొచ్చింది. ఐఫిల్ టవర్ ముందు ఫొటో అక్క ఫోన్ వాల్‌పేపర్ అయింది.

మొన్న మళ్లీ రాత్రి పదకొండింటికి మెసేజ్. సెలవులకి వస్తోంది, హైదరాబాద్‌లో విమానం దిగుతుంది, మధ్యాహ్నం సికింద్రాబాద్‌లో వందే భారత్ ఉందట, రాత్రి పదకొండున్నర ప్రాంతంలో వైజాగ్. నేను "అక్కణ్నుంచి..." అని టైప్ చేస్తుండగానే ఇంకో స్క్రీన్‌షాట్ వచ్చింది. ఫలక్‌నుమా, థర్డ్ ఏసీ, సైడ్ లోయర్, శ్రీకాకుళం రోడ్, చేరేది మర్నాటి తెల్లవారుజామున. దిగే తేదీ చుట్టూ ఎర్ర సున్నా చుట్టింది. కింద రాసింది: "కాగితం మీదే లెక్కేశాను మావయ్యా. నాలుగింటికల్లా స్టేషన్‌కి రా. అమ్మకి చెప్పకు, తనూ వస్తానంటుంది."

అక్క పక్కనే కూర్చుని చదివేసింది. అలారం మూడింటికి పెట్టింది.